తగిన పందెము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇట్టి ఉత్సవములలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమాంధ్ర మహాసభ జరిగిన జోగిపేట మనకు పొరుగుననే యున్నది. అట్టి ప్రాంతమున, గ్రంథాలయ వేదికపై నిలిచి, పరుగుపందెములను గూర్చి మాట్లాడుటేమని కొందరికి తోచవచ్చును. దానికి నా సమాధానమిది. నేడు పఠనమందిరములకు వచ్చు యువతీయువకులలో అనేకులు ఉద్యోగ పరీక్షల పుస్తకముల కొరకు వచ్చుచున్నారు. పగలు పుస్తకము పట్టిన ఆ చేతులవారే తెల్లవారుజామున రోడ్ల వెంట ఉరుకుచున్నారు. ఏ పరీక్షకు ఏ పుస్తకము చదువవలెనో వారు పదిమందిని అడిగి తెలిసికొందురు. ఏ పరుగుకు ఏ సాధన చేయవలెనో, అసలు ఆ పరుగు తమకు తగునో తగదో మాత్రము అడుగువారు అరుదు. కనుక నేటి నా విషయము, తన శక్తికిని తన ఉద్దేశమునకును తగిన పందెమును ఎన్నుకొనుట ఎట్లు అనునది.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. పరుగు అనగా ఒక్కటే విద్య యని మనము తలంతుము. కంసాలి పనియు కమ్మరి పనియు రెండును సుత్తితోనే జరుగును; అంతమాత్రమున ఒకరి పని మరియొకరు చేయలేరు. 100 మీటర్ల పరుగునకును, 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథానునకును గల భేదము అంతటిది. 100 మీటర్ల పరుగున కండరములలో అప్పటికే సిద్ధముగా నున్న శక్తియే ముఖ్యముగా వ్యయమగును. ఊపిరితో పని తక్కువ. 400 మీటర్లకు ఆ నిలువ చాలదు. ప్రాణవాయువు కావలసినంత అందకముందే కండరము చక్కెరను విరిచి శక్తిని తీసికొనును. చివరి 100 మీటర్లలో కాళ్లు ఇనుపగుండ్లవలె బరువెక్కుట అందుచేతనే. 800 మీటర్లు, 1500 మీటర్లు, ఇంకను పైకి పోయిన కొలది గుండెయు ఊపిరితిత్తులును చేయు పని ప్రధానమగును. మారథానులో ఇంచుమించు 30 కిలోమీటర్లు గడచునప్పటికి కాలేయమునందును కండరములందును దాచియున్న చక్కెర తరిగిపోవును. అంతవరకు హాయిగా పోవుచున్నవాడు సయితము అచ్చట చతికిలబడుట కలదు.

మన కండరములలో వేగమునకు తగిన పోగులు, ఓర్పునకు తగిన పోగులు అని రెండు విధములున్నవి. వాని పాలు పుట్టుకతోనే చాలవరకు ఏర్పడును. సాధనచేత ఎవరైనను ఉన్నస్థితినుండి మెరుగుపడవచ్చును. కాని అందరు అన్ని పరుగులలోను ఒకే విధముగా రాణింపలేరు. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు. రేగడి నేలలో పత్తియు కందియు పండినట్లు వరి పండలేదని ఆ నేలను నిందించు రైతు ఉండడు గదా!

మరి ఎవరికి ఏది తగునో తెలియుట ఎట్లు? కూర్చుండి ఆలోచించిన తెలియదు. దీనికి మన రాజధాని చెంతనే జరిగిన దృష్టాంతమొకటి కలదు. దేశవిభజన కాలమున తలిదండ్రులను పోగొట్టుకొని వచ్చిన మిల్ఖా సింగు అను యువకుడు 1950ల తొలి సంవత్సరములలో సైన్యమున చేరి సికింద్రాబాదులోని ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల శిక్షణ కేంద్రమునకు వచ్చెను. అచ్చట కొత్త సిపాయిలందరికిని కొన్ని మైళ్ల దూరపు పరుగు పెట్టిరి. ముందు వచ్చినవారికి అదనముగా ఒక గ్లాసు పాలు దొరకునను ఆశతో పరుగెత్తితినని ఆయనయే పలుమారు చెప్పియున్నాడు. ఆ పరుగులో ఆయన ఆరవవాడుగా వచ్చెను. శిక్షకులు ఆయనను ఆ దూరపు పరుగుననే ఉంచక, 400 మీటర్ల సాధనకు మరలించిరి. అంతకు ముందు ఆ పందెమనగా ఏమో ఆయన యెరుగడు. 1958లో కార్డిఫ్ నగరమున కామన్వెల్తు క్రీడలలో 440 గజముల పందెమున స్వర్ణపతకము, అదే సంవత్సరము టోక్యో ఆసియా క్రీడలలో 200, 400 మీటర్ల పందెములలో రెండు స్వర్ణములు ఆయనకు లభించినవి.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని మన సామెత. మిల్ఖా సింగు పరుగెత్తియే పాలు త్రాగెను. అయినను సామెత అబద్ధము కాలేదు. తనకు తగని దానివెంట పరుగెత్తవలదని దాని భావము. తగిన దానివెంట పరుగెత్తవలదని కాదు. పైగా, పందెము తగినదైనను నడక తప్పిన ఫలము తప్పునని ఆయన జీవితమే చెప్పుచున్నది. 1960లో రోము ఒలింపిక్సులో 400 మీటర్ల తుదిపందెమును 45.73 సెకనులలో ముగించి నాలుగవ స్థానమున నిలిచెను. 250 మీటర్లవరకు వేగముగా పోయి, ఆపై కొంచెము తగ్గించుకొనుటయే తన పొరపాటని ఆయన కడవరకు చెప్పుచుండెను.

పందెమును మార్చుకొనుట చంచలత్వము కాదనుటకు పి.టి. ఉషగారు సాక్షి. 1980లో మాస్కో ఒలింపిక్సున ఆమె 100 మీటర్ల పందెమున పాల్గొనిరి. 1984లో లాస్ ఏంజిలీసు నగరమున స్త్రీలకు 400 మీటర్ల హర్డిల్సు మొదటిసారిగా ప్రవేశపెట్టబడినది. ఆమె గురువు నంబియారుగారు ఆమెను ఆ కొత్త పందెమునకు సిద్ధపరచిరి. 55.42 సెకనులలో ముగించి, సెకనులో నూరవవంతు తేడాతో పతకమును కోల్పోయి, నాలుగవ స్థానమున నిలిచిరి. పతకము చేజారినను, ఎన్నిక మాత్రము సరియైనదేయని ఆ నూరవవంతే చాటుచున్నది.

మన తెలుగుబిడ్డలను చూడుడు. విశాఖపట్టణమున సామాన్య కుటుంబమున పుట్టిన జ్యోతి యర్రాజి పొడగరితనమును గమనించి పాఠశాల వ్యాయామోపాధ్యాయులు ఆమెను హర్డిల్సు వైపు మరలించిరి. తరువాత ఆమె హైదరాబాదులోను శిక్షణ పొందినది. 2023లో బ్యాంకాక్ నగరమున 100 మీటర్ల హర్డిల్సులో ఆసియా విజేతయైనది. 2024లో పారిస్ ఒలింపిక్సున ఆ పందెములో పాల్గొన్న తొలి భారతీయ మహిళ ఆమెయే. వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలములోని కల్లెడ గ్రామమున కూలి కుటుంబమున జన్మించిన దీప్తి జీవాంజి, మేధోవైకల్యము గలవారికి ఏర్పరచిన తరగతిలో 400 మీటర్లు పరుగెత్తి, 2024 మే మాసమున జపానులోని కోబె నగరమున 55.07 సెకనులతో ప్రపంచ రికార్డు స్థాపించినది. అదే సంవత్సరము పారిస్ పారాలింపిక్సున కాంస్య పతకము గెలిచినది. ఈ ఇద్దరి వెనుకను ఒక పరిశీలన కలదు. ఎవరో ఒకరు వారి దేహమును, నడకను, స్వభావమును శ్రద్ధగా చూచిరి. ఈ బిడ్డకు ఈ పందెము తగునని గుర్తించిరి.

ఇక మన ఊరి మాటకు వత్తము. మనలో ఒలింపిక్సునకు పోవువారు ఏ కొందరో. తక్కినవారు పరుగెత్తుట ఎందులకు? నాకు తోచినంతవరకు మూడు ఉద్దేశములు: ఉద్యోగము, ఆరోగ్యము, పందెమున పాల్గొన్న ఆనందము. ఈ మూటిలో తనది ఏదియో మొదట నిశ్చయించుకొనవలెను.

ఉద్యోగమునకై పరుగెత్తువానికి పందెమును ఎన్నుకొను స్వేచ్ఛ లేదు. దానిని ప్రకటనయే నిర్ణయించును. కాని ప్రకటనను అక్షరాలా చదువుట అతని చేతిలో ఉన్నది. 2018 నాటి తెలంగాణ పోలీసు నియామక ప్రకటనలో పురుషులకు 800 మీటర్ల పరుగును 170 సెకనులలో ముగించవలెనని యుండెను. 2022 నాటి ప్రకటనలో దానికి బదులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకనులలో ముగించవలెనని వచ్చినది. లెక్క వేసి చూడుడు. మొదటిదానిలో ప్రతి 400 మీటర్లను 85 సెకనులలో దాటవలెను. రెండవదానిలో ఇంచుమించు 109 సెకనులు చాలును, కాని దూరము రెట్టింపు. మొదటిది వేగమును కోరును. రెండవది ఓర్పును కోరును. ఒకదానికి చేసిన సాధన మరియొకదానికి సరిపడదు. స్త్రీలకు 2018లో 100 మీటర్ల పరుగుండగా, 2022లో 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకనులలో ముగించవలసివచ్చెను. అన్న పోయిన పరీక్షకు చేసిన సాధననే తమ్ముడు అనుసరించినచో నష్టపోవుట తథ్యము. సైన్యపు పరీక్ష వేరు, అటవీశాఖ పరీక్ష వేరు. ఏ సంవత్సరపు ప్రకటన ఆ సంవత్సరమునకే ప్రమాణము.

ఈ విషయమున ఉపేక్ష ఎంత ప్రమాదమో చెప్పుట నాకు దుఃఖకరమైనను చెప్పక తప్పదు. 2024 ఆగస్టు, సెప్టెంబరు మాసములలో ఝార్ఖండ్ రాష్ట్రమున ఆబ్కారీ కానిస్టేబుళ్ల నియామకమునకై పురుషులకు 10 కిలోమీటర్లను ఒక గంటలో పరుగెత్తు పరీక్ష పెట్టిరి. ఆ పరీక్షలలో పదిమందికి పైగా యువకులు ప్రాణములు కోల్పోయిరి. కారణములను గూర్చి వాదములు జరిగినవి; వానిలోనికి నేను పోను. ఒక్క లెక్క మాత్రము చెప్పెదను. గంటకు 10 కిలోమీటర్లనగా కిలోమీటరుకు 6 నిమిషములు. మన పోలీసు పరీక్షలోని 1600 మీటర్ల పరుగు కిలోమీటరుకు 4 నిమిషముల 32 సెకనుల వేగము కోరును. అనగా ఝార్ఖండు పరుగు చూచుటకు నెమ్మదియైనది. కాని ఆ నెమ్మది నడకను ఆరు రెట్ల దూరము, ఎండలోను ఉక్కలోను నిలుపుకొనవలెను. కొద్ది దూరము వేగముగా ఉరుకగల యువకుడు, ఇది ఏపాటి అని సాధన లేకయే దిగినచో, అతని దేహము అతనిని మోసగించును. ఉద్యోగము మరల రావచ్చును; కొడుకు మరల రాడు. తలిదండ్రులు ఈ మాటను బిడ్డలకు చెప్పవలెను.

ఆరోగ్యమునకై పరుగెత్తువానికి పందెమే అక్కరలేదు. వారమున నాలుగైదు దినములు, ప్రక్కవానితో మాటలాడుకొనుటకు వీలగు వేగముతో అరగంట నడచుటయో, మెల్లగా ఉరుకుటయో చాలును. మాట తెగి ఆయాసము వచ్చినచో వేగము మించినదని గుర్తు. అట్టివారు గడియారమును చూచి పడుచువారితో పోటీకి పోరాదు.

ఆనందమునకై పందెమున దిగగోరువారికి నేడు అవకాశములు మెండు. ఏటేట ఆగస్టు మాసమున జరుగు హైదరాబాదు మారథానులో పూర్తి మారథానే గాక, 21 కిలోమీటర్ల అర్ధమారథాను, 10 కిలోమీటర్ల పరుగు, 5 కిలోమీటర్ల పరుగు వేరువేరుగా కలవు. తోడివాడు పూర్తి మారథానునకు పేరిచ్చినాడని తానును ఇచ్చుట వివేకము కాదు. హైదరాబాదు బాట ఎగుడుదిగుడులకు పేరుపడినది. ఆగస్టు గాలిలో తేమ మెండు. జనవరిలో ముంబయిలో జరుగు మారథాను బాటయు, ఋతువును వేరు. దూరమొక్కటే గాక బాట, ఋతువు, ప్రారంభించు వేళ, సాధనకు మిగిలియున్న దినములు, ఈ నాలుగును చూచుకొని పేరు నమోదు చేసికొనవలెను. ఏ సాధనయు లేనివాడు 5 కిలోమీటర్లకు రెండు మూడు నెలలు, అర్ధమారథానునకు కనీసము ఆరు నెలలు, పూర్తి మారథానునకు ఏడాదికి తక్కువ కాని కాలము పెట్టుకొనుట క్షేమము. వారపు మొత్తము దూరమును వెనుకటి వారముకంటె పదింట ఒక వంతుకు మించి పెంచరాదని అనుభవజ్ఞులు పాటించు నియమము.

తన శక్తిని కొలుచుకొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. అమెరికా వైమానిక దళపు వైద్యుడైన కెన్నెత్ కూపర్ 1968లో దీనిని ప్రకటించెను. 12 నిమిషములలో ఎంత దూరము పోగలమో కొలుచుటయే ఆ పరీక్ష. ఇరువది ఏండ్ల ప్రాయపు యువకుడు 2400 మీటర్లు దాటినచో మంచి ఓర్పు గలవాడనవచ్చును. 1600 మీటర్లను దాటలేనివాడు ఇంకను నడకతోనే ఆరంభింపవలెను. నెలకొకసారి దీనిని చేసి, దినమును, దూరమును వ్రాసికొనినచో తాను ముందుకు పోవుచున్నాడో లేదో స్పష్టముగా తెలియును. 100 మీటర్లలో తోడివారిని మించి, ఈ పరీక్షలో వెనుకబడువాడు కొద్ది దూరపు పరుగులకు తగినవాడు. మొదట వెనుకనుండి, చివరకు ఒక్కొక్కరినే దాటిపోవువాడు ఎక్కువ దూరమునకు తగినవాడు. ఉరుకునప్పుడు ఎదలో నొప్పి గాని, కన్నులు చీకట్లు క్రమ్ముట గాని కలిగినవారును, ఇంటిలో చిన్నవయస్సున హఠాత్తుగా గుండె ఆగి మరణించినవారు ఉన్నవారును, వైద్యునికి చూపించుకొననిదే సాధన ఆరంభింపరాదు.

దీనికి గొప్ప మైదానము కావలయునని అనుకొనవలదు. పాఠశాల ఆవరణలో ఒక మేకు పాతి, 31 మీటర్ల 83 సెంటీమీటర్ల త్రాడు కట్టి వలయము గీచినచో, దాని చుట్టుకొలత 200 మీటర్లగును. దానిపై ఎనిమిది చుట్లు 1600 మీటర్లు. పోలీసు పరీక్షకు సిద్ధపడు యువకుడు ఒక్కొక్క చుట్టును 54 సెకనులలో, యువతి నాలుగు చుట్లను ఒక్కొక్కటి 80 సెకనులలో ముగించిన చాలును. మొదటి చుట్టును 40 సెకనులలో ముగించి చప్పట్లు కొట్టించుకొనువాడు అయిదవ చుట్టున నడచుట మనము చూచుచునే యున్నాము. అన్ని చుట్లను సమముగా నడపువాడే గట్టెక్కును. రోడ్డుమీద లారీల నడుమ చీకటిలో ఉరుకుటకంటె ఈ వలయము వేయిరెట్లు క్షేమము. వానకు రేగడి నేల బురదయగును గనుక, దానిపై మొరము పోయించుట మేలు. ఎండకాలమున సూర్యుడు పైకి రాకమునుపే సాధన ముగించవలెను. నీరు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర నుంచుకొనవలెను. ముందటి రాత్రి జొన్నరొట్టెయో అన్నమో కడుపునిండ తిని, కంటినిండ నిద్రించినవాడే ఉదయమున ఉరుకగలడు.

ఆడుబిడ్డల మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 1928లో ఆంస్టర్డాము ఒలింపిక్సున స్త్రీలు 800 మీటర్లు పరుగెత్తిరి. అది స్త్రీదేహము భరింపలేని శ్రమ యని పెద్దలు నిర్ణయించి ఆ పందెమునే తొలగించిరి. 1960 వరకు అది మరల రాలేదు. స్త్రీల మారథాను 1984లో గాని ఒలింపిక్సున ప్రవేశింపలేదు. ఆ పెద్దల మాట అసత్యమని కాలము నిరూపించినది. తగిన పందెమని నేను చెప్పునది ఎవరి దేహమును వారు పరీక్షించుకొని నిర్ణయించుకొనునది. ఇతరులు గీచిన గీత కాదు. 800 మీటర్ల పరీక్షకు సిద్ధపడు మన ఆడుబిడ్డలకు ప్రాతఃకాలమున నిర్భయముగా ఉరుకుటకు చోటును, వేళయు ఏర్పరచుట ఊరి పెద్దల ధర్మము.

చివరగా గ్రంథాలయ కార్యవర్గమువారికి ఒక విన్నపము. చదువరి వయస్సును, అభిరుచిని గమనించి తగిన పుస్తకము చేతికిచ్చుట గ్రంథాలయాధికారి నేర్పు. చిన్నవానికి పెద్ద గ్రంథమిచ్చిన, వాడు చదువునే విడిచిపెట్టును. పరుగు విషయమునను ఇంతే. కనుక ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయమునందు మూడు వస్తువులు ఉంచవలెనని కోరుచున్నాను. ఒకటి, ఉద్యోగ ప్రకటనలలోని దేహపరీక్షల నియమములను సంవత్సరములతో సహా అంటించు పలక. రెండు, సెకనులు చూపు గడియారము. మూడు, ఒక దస్తరము. ఉరుకువారు తమ పేరు, తేదీ, దూరము, పట్టిన కాలము దానిలో తామే వ్రాసికొందురు. దానిని చూచిన, ఎవరు దేనికి తగుదురో కొన్ని నెలలలోనే స్పష్టమగును. తొందరపడి పెద్ద పందెమునకు దిగువానిని ఆపుటకును, జంకి వెనుకాడు బిడ్డను ముందుకు పంపుటకును ఆ వ్రాతయే సాక్ష్యమగును.

పెద్ద పందెమున దిగి మధ్యలో కూలినవానికంటె, చిన్న పందెమును నిండుగా ముగించి, మరునాడు మరల సాధనకు వచ్చినవాడు ఎక్కువ దూరము పోవును. ఈ ఊరి బిడ్డలందరు క్షేమముగా గమ్యము చేరి, ఇంటికి తిరిగివత్తురు గాక యని కోరుచున్నాను.